ఒక్క నిమిషం అంటే 14 నిమిషాల 22 సెకన్లు

మా చిన్నాడికి చేతి గడియారం కొత్తగా వచ్చిన రోజులవి. అందులో స్టాప్‌వాచ్ ఉంది. ఇక ఇంట్లో కనిపించిందల్లా కొలవడం మొదలుపెట్టాడు. అక్క స్నానం ఎంతసేపు, నాన్న బండి తాళం వెతుక్కోవడం ఎంతసేపు, నానమ్మ గదిలోంచి హాల్లోకి రావడానికి ఎన్ని సెకన్లు. ఒక సాయంత్రం లెక్కల పుస్తకం పట్టుకొచ్చి ఏదో అడిగాడు. ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "ఒక్క నిమిషం నాన్నా" అన్నాను. వాడు మారు మాట్లాడలేదు. మీట నొక్కి నా ఎదురుగా కూర్చున్నాడు.

నేను తల ఎత్తేసరికి 14 నిమిషాల 22 సెకన్లు అయింది. వాడేమీ అలగలేదు, రికార్డు బద్దలైనంత సంబరంగా "అమ్మా, నాన్న తాళం కంటే నీదే ఎక్కువ!" అని అరిచాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ 14 నిమిషాల్లో నేను ఏం చూశానో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. అదే రాత్రంతా బుర్రలో తిరిగింది.

ఫోన్ తగ్గించాలని అప్పుడే తీర్మానించుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే మాట నిలబెట్టుకోవాలి కదా. రెండు యాప్‌లు తీసేశాను, నోటిఫికేషన్లన్నీ ఆపేశాను, గ్రూపులన్నీ సైలెంట్‌లో పెట్టాను. వారం రోజులు నా అంత గొప్పది లేదనుకున్నాను. తొమ్మిదో రోజు కాలేజీ నాటి స్నేహితురాలు ఫోన్ చేసింది. గొంతు బాగాలేదు. "నాన్నని ఆసుపత్రిలో చేర్చామని గ్రూపులో పెట్టి మూడు రోజులైంది. అందరూ ఫోన్ చేశారు. నువ్వు చూసి కూడా ఒక్క మాట అడగలేదు" అంది.

చూడలేదని చెప్పబోయాను. కానీ ఆ మెసేజ్ ఎవరెవరు చూశారో అందులో ఉంటుంది కదా, నా పేరూ ఉంది. ఎప్పుడో పొరపాటున గ్రూపు తెరిచి, చదవకుండానే మూసేసి ఉంటాను. వాట్సాప్‌లో ఈ నీలం టిక్కులు 2014 చివర్లో వచ్చాయి. మనం మన వరకూ ఆపుకున్నా, గ్రూపుల్లో ఆగవు. అంతకుముందు పలకకపోతే "చూసుండదులే" అనుకునేవాళ్లు. ఇప్పుడు పలకకపోవడం కూడా ఒక జవాబే, అదీ చెడ్డ జవాబు.

ఆ సాయంత్రమే తీసేసినవన్నీ మళ్లీ వేసుకున్నాను. ఆ వారం నా వాడకం మునుపటికంటే పెరిగింది. ఎక్కడ ఏం తప్పిపోతానో అని అయిదు నిమిషాలకోసారి చూసుకోవడమే పని.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే అర్థమైంది. నేను ఫోన్‌ని వదిలేశానే గానీ, అందులో నా కోసం చూసేవాళ్లు అలాగే చూస్తున్నారు. వాళ్లకి చెప్పకుండా మాయమవడం చెప్పాపెట్టకుండా ఊరు వదిలి వెళ్లిపోవడం లాంటిదే. ఈ పని నా ఒక్కదానితో అయ్యేది కాదు. ఎవరెవరు నా జవాబు కోసం చూస్తారో వాళ్లందరితో ముందు మాట్లాడుకోవాలి.

అలా మొదట స్నేహితురాళ్ల దగ్గరికి వెళ్లాను, ఎందుకంటే ఇంట్లోవాళ్లకంటే వాళ్లని ఒప్పించడం తేలిక అనుకున్నాను. మేం అయిదుగురం. ఒక ఆదివారం అందరం కలిపి కాల్ మాట్లాడుకున్నాం. ముందు ఆసుపత్రి సంగతికి క్షమించమని అడిగి, తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాను. విచిత్రంగా మరో ఇద్దరు "నాదీ అదే గోల" అన్నారు. ఒకామె అయితే గ్రూపులో ఏదీ నచ్చకపోయినా రోజూ అన్నిటికీ చప్పట్ల బొమ్మలు పెడుతోందట, పెట్టకపోతే ఎవరేమనుకుంటారో అని. ఆ మాటకి మిగతావాళ్లం ఒకరి తర్వాత ఒకరం నిజం ఒప్పుకున్నాం. ఒకరి కోసం ఒకరం, ఎవరికీ అక్కర్లేని చప్పట్లు కొట్టుకుంటున్నాం.

అక్కడికక్కడే కొన్ని అనుకున్నాం. ప్రాణం మీదికి వచ్చినదైనా, పెళ్లి ఖాయమైనదైనా, ముఖ్యమైన కబురు మెసేజ్‌లో పెట్టకూడదు, ఫోన్ చేయాలి. మెసేజ్‌కి మర్నాడు రాత్రిలోపు జవాబిస్తే చాలు, ఈలోపు "చూశావా?" అని ఎవరూ అడగకూడదు. ఫార్వర్డులకి వేరే గ్రూపు. ఆ వేరే గ్రూపు రెండు వారాల్లో దానంతటదే చచ్చిపోయింది. అందరూ దాన్ని సైలెంట్‌లో పెట్టుకున్నారు, పెట్టేవాళ్లకే విసుగొచ్చింది.

ఒకామె మాత్రం ఒప్పుకోలేదు. ఆమె ఒక్కతే ఉంటుంది. మాలో ఒకామె ఎక్కడో చదివిన సంగతి చెప్పింది. 2018లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంవాళ్లు 143 మంది విద్యార్థులతో చేసిన పరిశోధనలో, సోషల్ మీడియాని రోజుకి అరగంటకి తగ్గించుకున్నవాళ్లకి మూడు వారాల్లో ఒంటరితనం, దిగులు తగ్గాయట. దానికి ఈమె, "ఆ పిల్లలకి చుట్టూ స్నేహితులు ఉండుంటారే. మీ ఇళ్లల్లో ఫోన్ పక్కన పెడితే మనుషులుంటారు. నా ఇంట్లో పక్కన పెడితే గోడలుంటాయి" అంది.

ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదనే అనుకుంటాను. చివరికి ఆమె కోసమే ఒక మార్పు చేసుకున్నాం. నోటితో మాట్లాడే కాల్ ఎంతసేపైనా లెక్కలోకి రాదు. రాత్రి తొమ్మిదికి వంతులవారీగా మాలో ఒకరికి ఆమె ఫోన్ చేస్తుంది. ఒక్కోసారి అయిదు నిమిషాలు, ఒక్కోసారి గంట. ఫోన్ తగ్గించుకుందామని కూర్చుని ఫోన్ కాల్స్ పెంచుకున్నామని మా ఆయన ఎగతాళి చేశాడు. నిజమే. కానీ ఆ కాల్ అయ్యాక నాకు మళ్లీ ఫోన్ తెరవాలనిపించదు, అది గమనించాను.

ఇంట్లో నేను చేసిన మొదటి తప్పు పోలీసు వేషం వేయడం. సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి, పిల్లలకి ఇన్ని గంటలు, ఈ యాప్ వద్దు, ఆ ఆట వద్దు అని కాగితం చదివాను. అమ్మాయి పదో తరగతి. ఓపిగ్గా విని, "నీది ఎంత?" అంది. "నాది పని" అన్నాను. "చూపించు" అంది.

ఈ లెక్క చూసుకునే ఏర్పాటు ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ పేరుతో, ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ పేరుతో 2018 నుంచీ ఉంది. ఉందని తెలుసు, వారం వారం వచ్చే రిపోర్టుని వేలితో పక్కకి తోసేయడమే నా పని. చూపించే ముందు మా ఆయన ఒక మాట అన్నాడు, ఈ మొత్తంలో అతనికి తట్టిన మంచి ఆలోచన అదొక్కటే (ఇది చదివితే గొడవే). "ముందు ఎవరిది వాళ్లు ఊహించి కాగితం మీద రాద్దాం, తర్వాత తెరుద్దాం."

నేను 2 గంటలు రాశాను. ఉన్నది 4 గంటల 40 నిమిషాలు. మా ఆయన గంటన్నర రాశాడు, ఉన్నది 3 గంటల 50. అందులో 2 గంటలు పొట్టి వీడియోలే. అవి ఎప్పుడు చూస్తున్నాడో నాకూ తెలియదు, ఆయనకూ తెలియదట. అమ్మాయి 5 గంటలు రాసింది. ఉన్నది 3 గంటల 20. అంటే ఇంట్లో ఎప్పుడూ తిట్లు తినే పిల్ల నాకంటే తక్కువ చూస్తోంది. పైగా తను చేస్తున్నదానికంటే ఎక్కువ చేస్తున్నానని నమ్ముతోంది, మేం అంతలా అన్నాం కాబట్టి. అది నాకు 14 నిమిషాల కంటే గట్టిగా తగిలింది. నేను చదివిన కాగితం చింపేశాను.

అత్తయ్య గారు "నాకేం తెలుస్తుందమ్మా" అని ఏమీ రాయలేదు. ఆవిడది 5 గంటల 10 నిమిషాలు, ఇంట్లో మొదటి స్థానం. ఒక వీడియో అయిపోగానే దానంతటదే ఇంకొకటి మొదలవుతుంటే, చూస్తూ చూస్తూ నిద్రపోతారు, అది పాడుతూనే ఉంటుంది. ఆటోప్లే ఆపేస్తే రోజూ గంటకు పైగా దానంతటదే తగ్గింది. మిగతాది తగ్గించాలా అని అందరం మొహమొహాలు చూసుకున్నాం. పొద్దున్నే మేం నలుగురం వెళ్లిపోతే సాయంత్రం దాకా ఆవిడ ఒక్కరే. ఆ పగలు ఎలా గడుస్తుందని మేమెవరమూ ఏనాడూ అడగలేదు. అందుకని పగటి జోలికి వెళ్లలేదు. పిల్లలు ఇంటికొచ్చాక మాత్రం పక్కన పెడతానని ఆవిడే అన్నారు. ఇప్పుడు సాయంత్రాలు హాల్లో పది చుట్లు నడుస్తారు, చిన్నాడు స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడతాడు. ఆవిడ ఒకరోజు రెండు సెకన్లు తగ్గించినందుకు వాడు ఇల్లంతా చాటింపు వేశాడు.

ఇక సెట్టింగుల సంగతి. ఫోన్‌ని నలుపు తెలుపు చేస్తే ఆకర్షణ పోతుందని చాలామంది చెబుతారు. నాకు నాలుగు రోజులు పనిచేసింది, తర్వాత కళ్లు అలవాటుపడిపోయాయి. పైగా పిల్లల ఫొటోలు రంగుల్లో చూసుకోవడానికి మార్చడం, మార్చాక అలాగే వదిలేయడం. యాప్‌కి టైమర్ పెట్టడం ఇంకో సరదా. గడువు అయిపోయిందని అది చెబుతుంది, మనం తీసేస్తాం. ఆండ్రాయిడ్‌లో ఆ టైమర్‌కి తాళం లేదు, పెట్టినవాళ్లే విప్పుకోవచ్చు. ఐఫోన్‌లో పాస్‌కోడ్ పెట్టుకోవచ్చు, అందుకని మా ఆయన ఫోన్‌కి అమ్మాయి చేత పెట్టించాం. ఆ నాలుగంకెలు ఆయనకి తెలియవు. ఆఫీసులో గొప్ప అధికారి, ఇంటికొచ్చి "ఒక్క పది నిమిషాలు ఇవ్వమ్మా" అని కూతుర్ని బతిమాలుకుంటాడు. ఎప్పుడైనా ఇస్తుంది.

నా విషయంలో బాగా పనిచేసింది యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ, అంటే మనం చూసినవాటి జాబితా, ఆపేసి పాతదంతా చెరిపేయడం. 2023 నుంచి అలా చేస్తే హోమ్ పేజీలో సిఫారసులు ఉండవు, వెతుక్కోమని ఒక పెట్టె తప్ప దాదాపు ఖాళీ. ఏదైనా కావాలంటే వెతుక్కోవాలి. సగంసార్లు ఏం వెతకాలో తోచక మూసేస్తాను. అంటే అన్నాళ్లూ నాకు కావలసింది చూడలేదు, అది పెట్టింది చూశాను. అమ్మాయి "ఇన్‌స్టాగ్రామ్‌కి చివర ఎందుకుండదు?" అని అడిగింది ఒకసారి. ఈ అంతులేని స్క్రోలింగ్‌ని 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడనీ, తర్వాత ఆయనే దానికి బాధపడ్డాడనీ చెప్పాను. "బాధపడి ఏం చేశాడు?" అంది. ఈ వయసు పిల్లలతో అదే చిక్కు.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి రాత్రి పడక పక్క ఫోన్. అలారం కోసం అని ఒక సాకు. అలారం గడియారం కొనగానే ఆ సాకు పోయింది. రెండోది అసలైన భయం. మా అమ్మ వేరే ఊళ్లో ఒక్కతే ఉంటుంది, అర్ధరాత్రి ఏదైనా అయితే? దీనికి ఫోన్‌లోనే దారి ఉంది, నాకు ఇన్నేళ్లూ తెలియదు. కాల్స్ మోగకుండా ఆపే డు నాట్ డిస్టర్బ్ పెట్టినా, అదే నంబరు నుంచి వెంటనే రెండోసారి వస్తే మోగేలా పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాలలోపు, ఐఫోన్‌లో 3 నిమిషాలలోపు. ఛార్జర్లన్నీ హాల్లోకి మార్చి, మోగితే వినబడేంత సౌండు పెట్టి, అమ్మకి చెప్పాను: "రాత్రి అవసరమైతే రెండుసార్లు చెయ్యి, మోగుతుంది." అమ్మ దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది. నాకు ఎప్పుడు చేసినా రెండుసార్లు చేయాలి కాబోలనుకుంది. మధ్యాహ్నం మీటింగులో ఉండగా రెండుసార్లు మోగితే గుండె జారిపోయి బయటికి పరిగెత్తాను. కళ్లజోడు నంబరు ఎంతో అడగడానికట. నెల పట్టింది ఆ అలవాటు మానిపించడానికి.

రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్లన్నీ టీవీ కింద సొరుగులో. ఇది ఇంటి కొత్త నియమం. హాల్లో ఉన్నా కంటికి కనిపించకూడదని సొరుగు పెట్టాం. 2017లో టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్‌లో చేసిన ప్రయోగంలో, ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టుకున్నవాళ్లకంటే పక్క గదిలో వదిలేసి వచ్చినవాళ్లు పరీక్షలు బాగా చేశారట. తర్వాత చేసినవాళ్లందరికీ అదే ఫలితం రాలేదు కానీ, మా ఇంటి వరకూ కంటికి కనబడకపోవడం తేడా చూపించింది.

మొదటి మూడు రోజులు అందరం ఏదో ఒక వంకతో ఆ సొరుగు చుట్టూ తిరిగాం. నాకు నడుము దగ్గర ఫోన్ గుర్రుమన్నట్టు అనిపించేది, అక్కడ జేబు కూడా లేదు. చెయ్యి దానంతటది సోఫా మీద తడుముకునేది. పిల్లలు మామూలుకంటే రెట్టింపు కొట్టుకున్నారు. మునుపు చెరో మూల చెరో తెరతో ఉండేవాళ్లు కదా, ఇప్పుడు ఒకరికొకరు దొరికారు.

మా ఆయనా నేనూ? మొదటి రాత్రి పిల్లల చదువు గురించి మాట్లాడుకున్నాం. రెండో రాత్రి అదే. మూడో రాత్రి మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. పదిహేడేళ్ల కాపురంలో అంత నిశ్శబ్దం నేను చూడలేదు, ఎందుకంటే అది ఉన్నా ఫోన్ల వెనక కనబడలేదు. ఇద్దరం పైన తిరిగే ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చున్నాం. నాలుగో రాత్రి ఆయన ఉన్నట్టుండి, "ఉద్యోగం మారదామనుకుంటున్నా, ఆర్నెల్లుగా" అన్నాడు. "ఆర్నెల్లుగా నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. "చెబుదామని వచ్చినప్పుడల్లా నువ్వు ఏదో చూస్తున్నావ్" అన్నాడు. నేనూ అదే మాట అనగలను, అనేశాను కూడా. ఆ గొడవ రెండు రాత్రులు నడిచింది. ఫోన్లు సొరుగులో ఉన్నాయి కాబట్టి మధ్యలో తప్పించుకుపోయే దారి ఇద్దరికీ లేదు. ఫోన్ పక్కన పెట్టగానే ఇంట్లో ప్రేమలు పొంగుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. ముందు బయటికి వచ్చేవి ఎన్నాళ్లుగానో దాటేసిన మాటలు. ఆ మర్నాటి రాత్రి గొడవ సద్దుమణిగాక, ఆ కొత్త ఉద్యోగం మంచిచెడ్డలు పన్నెండింటిదాకా లెక్కలేసుకున్నాం. ఆయన మారలేదు చివరికి. అది వేరే సంగతి.

అమ్మాయి దగ్గర ఎనిమిదిన్నర నిలబడలేదు. వాళ్ల క్లాసు గ్రూపు బతికేదే రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా. పొద్దున వెళ్లేసరికి అందరూ రాత్రి జోకుకి నవ్వుతుంటే తను అర్థంకాక నిలబడాల్సి వస్తోంది. వారం భరించి ఒకరోజు ఏడ్చేసింది. "నీ ఫ్రెండ్స్‌తో నువ్వు మాట్లాడి ఒప్పించుకున్నావు. నా ఫ్రెండ్స్‌ని ఎవరు ఒప్పిస్తారు?" అంది. నేను నా విషయంలో కష్టపడి తెలుసుకున్నదే అది. దాని విషయంలో మాత్రం తోచలేదు. వాళ్ల అమ్మలకి ఫోన్ చేస్తానంటే, "చచ్చినా వద్దు, నా పరువు పోతుంది" అంది. తనే అడుగుతానంది. ఇద్దరు ఒప్పుకున్నారు, మిగతావాళ్లు నవ్వారట. ఆ ఇద్దరితో కలిసి పదింటికి ఆపేస్తోంది. ఎనిమిదిన్నర కాస్తా దానికి పదయింది. చిన్నాడు అన్యాయమన్నాడు. వాడికి ఫోనే లేదు, అయినా అన్నాడు.

ఒక సరదా విషయం చెప్పాలి. మొదట్లో నియమం తప్పినవాళ్లు ఆ రాత్రి గిన్నెలు కడగాలని శిక్ష పెట్టాం. ఒకరోజు మా ఆయన దర్జాగా సొరుగు తెరిచి, "గిన్నెలు నేను కడుగుతాలే" అని ఫోన్ తీసుకుని గదిలోకి పోయాడు. అంటే గిన్నెలు కడిగి ఫోన్ కొనుక్కున్నాడన్నమాట. ఇలాంటిదే ఇజ్రాయెల్‌లో హైఫా నగరంలో జరిగిందని తర్వాత చదివాను. పిల్లల్ని సాయంత్రం ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకి శిశు సంరక్షణ కేంద్రాల్లో జరిమానా పెడితే, ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయట. ఆ ఫలితాలు 2000లో యూరీ గ్నీజీ, ఆల్డో రుస్టికినీ అనే ఆర్థికవేత్తలు అచ్చువేశారు. డబ్బు కట్టేశాం కదా, ఇంక మొహమాటం దేనికి అనుకున్నారు వాళ్లు. మా ఇంట్లో శిక్ష తీసేశాం. ఇప్పుడు ఎవరికైనా ఫోన్ కావాలంటే తీసుకోవచ్చు, కానీ ఎందుకో పైకి చెప్పి తీసుకోవాలి. "ఊరికే, పొట్టి వీడియోలు చూడాలని ఉంది" అని నలుగురి ముందు నోటితో అనడం ఎంత కష్టమో అని చూడండి. సగంసార్లు చెప్పేలోపే వద్దులే అనిపిస్తుంది.

మధ్యలో ఒకసారి మొత్తం పడిపోయింది. మా ఆయన ఆఫీసులో ఏదో సంక్షోభం, రాత్రింబవళ్లు కాల్స్. సొరుగులో ఒక ఫోన్ లేకపోయేసరికి రెండోదీ లేదు, మూడోదీ లేదు. మూడు వారాలు అలా గడిచాయి. నా లెక్క 5 గంటలు దాటింది. అప్పుడు ఎవరం ఎవర్నీ ఏమీ అనలేదు, అనే మొహం ఎవరికీ లేదు. మళ్లీ మొదలైంది ఎలాగంటే, అత్తయ్య గారు ఒక రాత్రి ఎనిమిదిన్నరకి లేచి, తన ఫోన్ తీసుకెళ్లి ఖాళీ సొరుగులో పెట్టి వచ్చి కూర్చున్నారు. ఎవరి వైపూ చూడలేదు. పది నిమిషాల తర్వాత అమ్మాయి పెట్టింది. తర్వాత నేను.

ఇదంతా మొదలుపెట్టి ఎనిమిది నెలలు. నాది ఇప్పుడు 2 గంటల 30 నిమిషాల దగ్గర ఆడుతోంది. ఆఫీసు పని అందులోనే. మా ఆయనది 2 గంటల 10, పాస్‌కోడ్ దయ. అమ్మాయిది పెద్దగా మారలేదు, 3 గంటలు. దాని గురించి నేను మాట్లాడటం మానేశాను. స్నేహితురాళ్లలో ఒకామె మధ్యలో విరమించుకుంది, గ్రూపులో అందరికీ చప్పట్లు కొడుతూనే ఉంది. మేం కొట్టకపోయినా ఏమీ అనుకోదు. ఒంటరిగా ఉండే ఆమె రాత్రి తొమ్మిది కాల్ మాత్రం ఒక్కరోజూ తప్పలేదు. నా వంతు మంగళవారం.

నిన్న సాయంత్రం పుస్తకం చదువుకుంటుంటే చిన్నాడు వచ్చి ఏదో అడిగాడు. "ఒక్క నిమిషం నాన్నా" అన్నాను. మీట నొక్కిన చప్పుడు వినబడింది. పేజీ అయ్యాక తల ఎత్తితే 6 నిమిషాల 40 సెకన్లు.

"చూడు, ఫోన్ కాదు, పుస్తకం" అన్నాను, కాస్త గర్వంగానే.

"అయితే?" అన్నాడు.

పుస్తకం మూసి వాడి చేతిలోది అందుకోబోయాను. అప్పటికే గడియారాన్ని సున్నాకి తిప్పేసి, తాళం కోసం సోఫా దిండ్లు ఎత్తి చూస్తున్న వాళ్ల నాన్న దగ్గరికి పరిగెత్తాడు.